బొల్లి మచ్చ, మూలిక, కంప్యూటరు జల్లెడ

(మెట్టకూరున మన పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు పరీక్షాఫలితములను, బహుమతుల జాబితాను చదివి కూర్చొనుట ఆచారము. ఆ వివరములన్నియు ఈ సంచికలోనే వేరుగా ముద్రింపబడినవి గనుక వానిని మరల చదువము. ఈ సంవత్సరము మా ఉపాధ్యాయ బృందము ఒక్క శాస్త్రవిషయమును గూర్చి మీతో మాటలాడదలచినది. చర్మపు రంగు చెడు వ్యాధులకు చెట్లలోని పదార్థములనుండి మందులు వెదకుటలో నేడు కంప్యూటరు ఎట్లు సాయపడుచున్నది, ఎంతవరకు సాయపడుచున్నది, ఎక్కడ ఆగిపోవుచున్నది అనునది మా ప్రసంగ విషయము.

దీనిని ఎన్నుకొనుటకు కారణము కలదు. నేడు ప్రతి ఇంటను సెల్‌ఫోను ఉన్నది. ఫలాని ఆకు బొల్లిని మాన్పునని కంప్యూటరు తేల్చినదనియు, ఫలాని వేరు మంగును పోగొట్టునని శాస్త్రజ్ఞులు కనుగొనిరనియు వార్తలు తరచుగా దానిలో వచ్చుచున్నవి. మీలో పలువురు ఆ వార్తలను మాకు చూపి "మాస్టారూ, ఇది నిజమేనా?" అని అడిగియున్నారు. నిజమే అంటిమా, మీరు ఆ ఆకును నూరి పిల్లవానికి పూయుదురు. అబద్ధమంటిమా, శాస్త్రమునకు అన్యాయము చేసినవారమగుదుము. సరియైన సమాధానము ఈ రెండింటికిని నడుమ ఉన్నది. అది కొంచెము పెద్దది. వాకిట నిలబడి చెప్పునది కాదు. కావుననే ఈ సభను ఎన్నుకొంటిమి.

ముందుగా రంగు అనగా నేమో చూతము. మన చర్మపు పైపొర అడుగున మెలనోసైట్లు అను కణములు కలవు. వీనిని మనము రంగుకణములని పిలుచుకొందము. ఇవి మెలనిన్ అను నల్లని పదార్థమును తయారుచేసి, చిన్న చిన్న పొట్లములుగా గట్టి, చుట్టునున్న చర్మకణములకు పంచిపెట్టును. ఎండలోని హానికరమైన కిరణములు లోనికి చొరకుండ మెలనిన్ గొడుగువలె కాపాడును. దాని తయారీకి టైరోసినేజ్ అను ఎంజైము కావలెను. ఎంజైము అనగా శరీరములో రసాయనక్రియను త్వరపరచు మాంసకృత్తు. టైరోసినేజ్ నడుమ 2 రాగి పరమాణువులు ఉన్నవి. టైరోసీన్ అను పదార్థము ఆ రాగి చెంతకు చేరి, మార్పుచెంది, పలు అంచెలు దాటి మెలనిన్ అగుచున్నది. తెల్లనివారికిని నల్లనివారికిని రంగుకణముల సంఖ్య ఇంచుమించు ఒక్కటే. ఆ కణములు చేయు మెలనిన్ మొత్తములోను రకములోను మాత్రమే భేదము.

ఇచ్చట ఒక విషయమును గట్టిగా మనసున నిలుపుకొనవలెను. రంగు చెడుట రెండు విధములు. మంగు పుట్టినచోట మెలనిన్ ఎక్కువగును. బొల్లి పుట్టినచోట రంగుకణములే నశించును. మన శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షకకణములు పొరపడి, సొంత రంగుకణములనే శత్రువులుగా భావించి చంపుటయే బొల్లికి ముఖ్యకారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కావున మంగుకు కావలసిన మందు టైరోసినేజును అణచవలెను. బొల్లికి కావలసిన మందు రక్షకకణములను శాంతింపజేసి, మిగిలిన రంగుకణములను మేలుకొల్పవలెను. ఒకదానికి మందైనది రెండవదానికి చేటు. "రంగును సరిచేయు మూలిక" అని ఎవరైన చెప్పినపుడు, ఏ వైపునకు సరిచేయునని అడుగుట మన మొదటి ప్రశ్న కావలెను.

బొల్లి అరుదైనది కాదు. ప్రపంచమున నూటికి అర మొదలు ఇద్దరి వరకు ఇది కలదని లెక్క. అందులో ఇంచుమించు సగముమందికి 20 ఏండ్లలోపే, అనగా బడికి పోవు వయసులోనో, పెండ్లి మాటలు వచ్చు వయసులోనో ఇది మొదలగును. దీనిని కొందరు శ్వేతకుష్ఠమని పిలుచుట వలన కలిగిన కీడు ఇంతంత కాదు. కుష్ఠు వేరు, బొల్లి వేరు. కుష్ఠు ఒక సూక్ష్మజీవి వలన వచ్చును. ఆ జీవిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. కుష్ఠు మచ్చకు స్పర్శ తగ్గును. బొల్లి మచ్చకు స్పర్శ చెడదు. బొల్లి అంటుకొనదు. ఒకే పళ్లెమున తినినను, ఒకే బల్లపై కూర్చొనినను, ఒకే తువాలు వాడినను రాదు. కుష్ఠునకు సైతము పూర్తిగా నయము చేయు మందులు ఉన్నవి. కుష్ఠును కారణముగా చూపి విడాకులు కోరు వీలును 2019లో మన పార్లమెంటు చట్టములనుండి తొలగించినది. చట్టము వదలిన భయమును మనము పట్టుకొని కూర్చొనుట తగదు.

బొల్లికి మూలికలు వెదకుట మన దేశమున నిన్నటి పని కాదు. అథర్వవేదమున కిలాసమను పేరను, ఆయుర్వేద గ్రంథములలో శ్విత్రమను పేరను దీని ప్రస్తావన కలదు. ఆయుర్వేదులు బాకుచి యనియు, మన పచారీ కొట్లవారు బావంచాలు అనియు పిలుచు నల్లని గింజలు దీనికి వాడుకలో నున్నవి. ఈ గింజలను లేపనముగా పూసి ఎండలో నిలుచుట పూర్వుల పద్ధతి. దాని వెనుకనున్న కారణము వారికి తెలియదు. ఫలితము మాత్రము కొందరిలో వారికి కనబడినది. 1933లో మన దేశపు రసాయన శాస్త్రజ్ఞులు జోయిస్, మంజునాథ్, వెంకటరావు గార్లు ఆ గింజలనుండి సోరలెన్ అను పదార్థమును వేరుచేసిరి. ఇట్టిదే మరియొక కథ ఈజిప్టు దేశమున నడచినది. నైలు నది లోయలో పెరుగు ఒక కలుపుమొక్క గింజలను అచ్చటివారు తరతరములుగా బొల్లికి వాడుచుండిరి. 1940 ప్రాంతములలో కైరో శాస్త్రజ్ఞులు దానినుండియు ఆ జాతి పదార్థములనే తీసిరి. ఎల్ మోఫ్టీ అను వైద్యుడు వానితో బొల్లి రోగులకు చికిత్స చేసి 1948లో ఫలితములు ప్రకటించెను. సోరలెన్ జాతి మందును ఇచ్చి, కొలిచిన అతినీల లోహిత కాంతిని ప్రసరింపజేయు పద్ధతిని 1974లో అమెరికా వైద్యులు సోరియాసిస్ అను చర్మవ్యాధికి సిద్ధపరచిరి. అది పిదప బొల్లికిని వాడుకలోనికి వచ్చినది.

ఇది మూలికకు గెలుపే. కాని గెలిచినది గింజ ఒక్కటియే కాదు. కొలత కూడ గెలిచినది. సోరలెన్ ఎండ తగిలినపుడు కణములోని జన్యుపదార్థమునకు అంటుకొనును. తగుమాత్రమున ఉన్నచో అది చికిత్స. మించినచో చర్మము కాలి బొబ్బలెక్కును. గింజలో ఎంత సోరలెన్ ఉన్నదో, ఆ దినమున ఎండ ఎంత తీవ్రముగా నున్నదో ఇంటిలో ఎవరు కొలువగలరు? కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థిని ఒకతెకు పెదవి ప్రక్కన తెల్లమచ్చ పొడసూపినది. పెద్దలు ఎవరి మాటయో విని గింజలను నూరి పూసి, వైశాఖమాసపు ఎండలో ఆ బిడ్డను నిలబెట్టిరి. మచ్చ పోలేదు, ముఖమంతయు పొక్కినది. పుండు మానిన పిమ్మట కూడ ఆ బిడ్డ పలు వారములు బడికి రాలేదు. ఆ పెద్దలు బిడ్డపై ప్రేమ లేనివారు కారు. ప్రేమ ఉన్నది, కొలత లేదు. మేము ఈ ప్రసంగమున చెప్పదలచిన దానికి మూలము ఇదియే.

ఇక కంప్యూటరు సంగతి. గింజలోని పదార్థము వేరుపడుట 1933; కొలిచిన కాంతితో కూడిన చికిత్స స్థిరపడుట 1974. నడుమ 40 ఏండ్లు గడచినవి. మన దేశమున మందుమొక్కలు వేలకొలది కలవు. ఒక్కొక్క మొక్కలో పదులకొలది పదార్థములు. అన్నిటిని ఒక్కొక్కటిగా వేరుచేసి పరీక్షింపవలెనన్న ఎన్ని తరములు చాలును? బియ్యములోని రాళ్లను ఒక్కొక్కటే ఏరు ముందు మన గృహిణులు ఏమి చేయుదురు? చేటతో చెరుగుదురు, జల్లెడ పట్టుదురు. శాస్త్రజ్ఞులు కంప్యూటరుతో చేయునది సరిగా అదియే.

ఆ జల్లెడ కన్నుల సంగతి చెప్పెదము. జర్మనీ దేశపు ఎమిల్ ఫిషర్ 1894లో ఒక పోలిక చెప్పెను. ఎంజైము తాళమువంటిది, దానిలో ఇమిడి పనిచేయు పదార్థము తాళపుచెవివంటిది. తాళమునకు సరిపడు మారుచెవిని దూర్చి బిగించినచో అసలు చెవికి చోటుండదు. ఎంజైము పని ఆగిపోవును. ఈ మారుచెవుల విద్యలో మన తెలుగువాని పేరు చిరస్మరణీయము. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను చెన్నపురియందును చదువుకొని, చెన్నపురి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. దానిని పోలిన మారుచెవులును అచ్చటనే తయారైనవి. వానిలో మెథోట్రెక్సేట్ అనునది నేటికిని కొన్ని క్యాన్సర్లకును, సోరియాసిస్‌నకును వైద్యులు వాడు మందు. సుబ్బారావు గారు 1948లో కన్నుమూసిరి. ఆ మందు తన తాళములో ఎట్లు ఇమిడియున్నదో చూపు చిత్రము ఎక్స్ కిరణముల సాయమున 1977లో వెలువడినది. క్రొత్త జల్లెడ కంప్యూటరు పద్ధతి ఏదైన తయారైనపుడు, అది పనిచేయునో లేదో చూచుటకు ఆ తాళమును ఆ చెవిని నేటికిని వాడుచున్నారు.

తాళపు ఆకారము తెలిసిననే కదా చెవిని పోల్చగలము. మాంసకృత్తు అనునది ఒక పొడుగాటి గొలుసు. అది ముడుచుకొని ఒక ఆకారమును పొందును. ఆ గొలుసు ఏయే కోణములలో మడత పడగలదో, ఏయే కోణములలో పడలేదో 1963లో చెన్నపురి విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రన్ గారు, వారి సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్ గార్లు లెక్కగట్టి పటముగా చూపిరి. ప్రపంచమున ఏ మాంసకృత్తు ఆకారమును కనుగొనినను ఆ పటముతో సరిచూచుకొనుట నేటికిని పరిపాటి. 1982లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తాళములో చెవిని కంప్యూటరుపై ఇమిడించి చూచు పద్ధతిని ప్రకటించిరి. గొలుసును బట్టి మాంసకృత్తు ఆకారమును కంప్యూటరే ఊహించి చెప్పు పద్ధతికి 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానములో సగము హసాబిస్, జంపర్ అను వారికి లభించినది.

తాళముల పటములు ఒక ప్రక్క సిద్ధమైనవి. రెండవ ప్రక్క చెవుల గుత్తి కావలెను. చెన్నపురిలోని గణితశాస్త్ర సంస్థవారు మన మందుమొక్కలను గూర్చిన గ్రంథములను పరిశోధించి ఒక పెద్ద పట్టికను 2018లో ప్రచురించి, పిదప దానిని విస్తరించిరి. 2023 నాటి కూర్పులో 4,010 మొక్కలు, వానిలోని 17,967 పదార్థములు ఉన్నవి. ఇది ఎవరైనను ఉచితముగా చూచుకొనదగినది. పరిశోధకుడు ఈ పట్టికనుండి పదార్థములను తీసికొని, తన తాళములో ఒక్కొక్కదానిని పలువిధములుగా త్రిప్పి ఇమిడించి చూడుమని కంప్యూటరునకు చెప్పును. అది ప్రతిదానికి ఒక మార్కు వేయును. ఆ మార్కు ఋణసంఖ్య. సున్నకు దిగువగా ఎంత దూరము పోయిన పట్టు అంత గట్టిదని అర్థము. మన పిల్లలకు ఋణసంఖ్యలు నేర్పునపుడు అప్పులు, బాకీలు చెప్పుచుందుము. ఇచ్చట మాత్రము అప్పు పెరిగినకొలది మేలు!

అటుపిమ్మట రెండవ జల్లెడ. చర్మము పైపూత మందును తేలికగా లోనికి రానీయదు. అణుభారము 500 దాటిన పదార్థములు సామాన్యముగా చర్మము గుండ దూరజాలవు. సోరలెన్ భారము 186. మిరియాలలోని పైపరీన్ భారము 285. ఇవి దూరగలవు. మూడవ జల్లెడ, ఆ పదార్థము కాలేయమునకు గాని గుండెకు గాని చేటు చేయు పోలికలు కలదియా అని చూచుట. వేలకొలది పదార్థములు ఇట్లు జల్లెడపడి చివరకు పది పదునైదు మిగులును. సంవత్సరములు పట్టవలసిన వడపోత కొన్ని దినములలో ముగియును. దీనికి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. సామాన్యమైన కళాశాలలో ఒక మంచి కంప్యూటరు ముందు కూర్చొనిన విద్యార్థి సైతము చేయగలడు. ఇది చిన్న ఊరి పిల్లలకు తెరచుకొనిన పెద్ద తలుపు అని మేము సంతోషించుచున్నాము.

కాని జల్లెడ పట్టుటతో అన్నము ఉడుకదు. జల్లెడలో మిగిలిన పది పదార్థములును "మమ్ము ముందుగా పరీక్షింపుడు" అని మాత్రమే చెప్పుచున్నవి. "మమ్ము పూసికొనుడు" అని చెప్పుటలేదు. ఫోనులో వచ్చు వార్తలు ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమును తుడిచివేయుచున్నవి. ఆ దూరము ఎంతయో మూడు ఉదాహరణములతో చూపెదము.

మొదటిది తాళమును గూర్చినది. టైరోసినేజును అణచు పదార్థములకై ప్రపంచమున ఎక్కువ పరీక్షలు జరిగినది మనుష్యుని ఎంజైముపై కాదు, పుట్టగొడుగు ఎంజైముపై. అది చవుకగా దొరకును. ఎన్నియో పదార్థములు పుట్టగొడుగు తాళమును చక్కగా బిగించినవి. జర్మనీ పరిశోధకులు మనుష్యుని ఎంజైమునే తయారుచేసి 50,000 పదార్థములను దానిపై పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. అంతవరకు పేరుమోసిన కొన్ని పదార్థములు మనుష్యుని తాళమును దాదాపు కదలింపలేకపోయినవి. పొరుగింటి తాళమునకు సరిపోయిన చెవి మన ఇంటి తాళమునకు సరిపోవునను నియమము లేదు.

రెండవది మన వంటింటి పసుపును గూర్చినది. పసుపులోని కర్కుమిన్ అను పదార్థము ఇంచుమించు ప్రతి పరీక్షలోను పనిచేసినట్లే కనబడును. అది ఏ తాళమునకైనను అంటుకొనును; పరీక్షకు వాడు కాంతినే తికమకపెట్టును; నీటిలో నిలువక విరిగిపోవును. 2017లో రసాయన శాస్త్రజ్ఞులు ఈ పరిశోధనలన్నిటిని సమీక్షించి, పరీక్షనాళికలో కనబడిన ఆశలను మనుష్యులపై జరిగిన కట్టుదిట్టమైన పరీక్షలు నిలబెట్టలేదని వ్రాసిరి. పసుపు మంగళద్రవ్యము, వంటలకు అలంకారము. అందులో మాకు సందేహము లేదు. అందరికిని అవునవునను సాక్షి మాటకు న్యాయస్థానమున విలువ లేనట్లే, ప్రతి పరీక్షలోను మంచి మార్కులు పొందు పదార్థమును శాస్త్రజ్ఞుడు అనుమానముతో చూచును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. జపాను దేశమున కొన్ని చెట్ల బెరడులో రోడోడెండ్రోల్ అను పదార్థము కలదు. అది టైరోసినేజ్ తాళములో చక్కగా ఇముడును. దానితో చేసిన ముఖలేపనములు, మచ్చలు పోగొట్టి ముఖమును తెలుపుచేయునని, ప్రభుత్వపు అనుమతితోనే 2008లో అమ్మకమునకు వచ్చినవి. సుమారు 8 లక్షలమంది వానిని వాడిరి. వారిలో నూటికి ఇద్దరి చొప్పున, అనగా 16,000 మందికి పైగా, ముఖములపై చేతులపై బొల్లివంటి తెల్లమచ్చలు వచ్చినవి. 2013 జూలైలో ఆ లేపనములను అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. జరిగినదేమి? ఆ పదార్థము తాళములో ఇమిడినది నిజము. కాని తాళము దానిని నమలి విషముగా మార్చినది. ఆ విషము రంగుకణములనే చంపినది. వాడుట మానిన పిమ్మట చాలమందికి రంగు మరల వచ్చినది, కొందరికి రాలేదు. ఇమిడినదా లేదా అనునది కంప్యూటరు చెప్పగలదు. ఇమిడిన తరువాత సజీవమైన చర్మమున, సంవత్సరముల తరబడి ఏమి జరుగునో ఆ మార్కు చెప్పజాలదు. చెట్టునుండి వచ్చినది గనుక చేటు లేదను మాటకు ఇది కఠినమైన సమాధానము. గన్నేరు సైతము చెట్టే గదా.

ఇట్లనుటచే ఆశ వదలుకొనుమని మేము చెప్పుట లేదు. లండను నగరపు పరిశోధకులు మిరియాలలోని పైపరీన్ రంగుకణములను వృద్ధిచేయునని 1999లో కనుగొని, ఎలుకల చర్మముపై రంగు పుట్టించిన ఫలితములను 2008లో ప్రకటించిరి. ఇది బొల్లికి కావలసిన వైపున పడిన అడుగు. అయినను మిరియాల ముద్ద మందు కాదు. అది చర్మమును మండించును. మరియొక వైపున, రక్షకకణములకు దాడి ఆజ్ఞను చేరవేయు జాక్ అను ఎంజైములను అణచు రుక్సోలిటినిబ్ పైపూత మందును బొల్లికి 2022 జూలైలో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. ఇది మూలిక కాదు. తాళమును తెలిసికొని చేసిన చెవి. ఆ అనుమతి 12 ఏండ్లు నిండినవారికే ఇచ్చినది. పరీక్షలలో 24 వారములు వాడిన నూరుగురిలో సుమారు 30 మందికి ముఖముపై మచ్చలు ముప్పాతికవంతు తగ్గినవి. మందు లేని ఉత్త పూత వాడినవారిలో అట్లు తగ్గినది 7 నుండి 11 మందికి. నూటికి 30 అనునది చిన్న సంఖ్యగా తోచవచ్చును. కాని అది మనుష్యులపై లెక్కించిన నిజమైన సంఖ్య. "నూటికి నూరుపాళ్లు నయము" అను ప్రకటన కంటె ఇది ఎన్నియో రెట్లు గౌరవింపదగినది.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము ఇది. బిడ్డకు తెల్లమచ్చ కనబడిన వెంటనే చర్మవైద్యునికి చూపుడు. అన్ని తెల్లమచ్చలు బొల్లి కావు. తామరవంటివి, పౌష్టికలోపము వలననివి, పుట్టుమచ్చలు సైతము తెల్లగా ఉండవచ్చును. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాలకు చేరిన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మనకు దూరము కాదు. బొల్లికి చికిత్స త్వరగా మొదలుపెట్టినకొలది ఫలితము మెరుగు. ముఖముపై మచ్చలు త్వరగా లొంగును, వ్రేళ్ల కొనలపైవి ఆలస్యముగా లొంగును. కొలిచిన కాంతితో చేయు చికిత్సకు నెలలు పట్టును. నడుమ మానివేసి మందు పనిచేయలేదనుట న్యాయము కాదు. వైద్యుని కడకు పోవునపుడు ఇంతవరకు పూసిన ఆకు, గింజ, తైలము ఏదైనను దాచక చెప్పుడు. తిట్టుదురేమోనని దాచినచో నష్టపోవునది బిడ్డ.

తెలుపుచేయు లేపనముల విషయమున మరింత జాగ్రత్త వహింపుడు. చీటీ లేని డబ్బాలలో పాదరసము ఉండవచ్చును. కేరళ రాష్ట్రమున 2023లో అట్టి లేపనములు వాడినవారికి మూత్రపిండముల వ్యాధి వచ్చినట్లు వైద్యులు గుర్తించిరి. స్టెరాయిడు గల లేపనములు చర్మమును పలుచనచేయును. వానిలో పలు రకములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018లో మన ప్రభుత్వము నియమించినది. చామనచాయ వ్యాధి కాదు. గౌతమీ తీరమున, ఈ ఎండలో, మన పిల్లలను కాపాడుచున్నది ఆ రంగే. లేని రోగమునకు మందు పూసి ఉన్న ఆరోగ్యమును చెరుపవలదు.

పాఠశాల చేయదగిన పని పాఠశాల చేయును. మచ్చలున్న విద్యార్థిని వెనుక బల్లకు పంపుట, ప్రార్థనకు, నాటకమునకు, జెండా వందనమునకు ముందు నిలుపకుండుట ఈ బడిలో జరుగదు. అట్లు ఎగతాళి చేసిన పిల్లవానిని శిక్షించుట కంటె, మెలనిన్ పాఠమును వానిచేతనే తరగతి ముందు చెప్పించుట మేలని మా ఉపాధ్యాయులు నిశ్చయించిరి. ఇంటిలో కూడ ఈ మాట చెప్పవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.

చివరగా భాషను గూర్చి ఒక్క మాట. తెలుగున చదివిన పిల్లవానికి ఇట్టి శాస్త్రము అందునా అని మీలో కొందరికి సందేహము. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున మనము కొద్దిమందిమి గనుక ఆ సందేహము మరింత బరువుగా తోచును. ఇంతసేపు మేము చెప్పినది మీకు అర్థమైనచో ఆ సందేహమునకు సగము సమాధానము దొరకినట్లే. మిగిలిన సగము ఇది. కంప్యూటరు పట్టికకు పునాది మొక్కల పేర్లు. పేరు తప్పినచో జల్లెడ అంతయు తప్పును. ఒక ప్రాంతమున బ్రాహ్మి అనినచో సరస్వతి ఆకు, మరియొక ప్రాంతమున వేరొక నీటిమొక్క. రెండింటిలోని పదార్థములు వేరు. ఏ పేరు ఏ మొక్కకు చెందునో నిశ్చయించుటకు కంప్యూటరు చాలదు; చేనిగట్టున ఆకును త్రుంచి వాసన చూచి చెప్పగల పెద్దలు కావలెను. ఆ పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. వారి మాట తెలుగులో ఉన్నది.

అందుచే ఈ సంవత్సరము ఉన్నత తరగతుల విద్యార్థులకు ఒక పని ఒప్పగించుచున్నాము. ప్రతి విద్యార్థియు తన ఇంటి పెద్దలనడిగి, మన పరిసరములలోని 10 మొక్కల తెలుగు పేర్లు, అవి పెరుగు చోటు, పూచు కాలము, ఇంటిలో దేనికి వాడుదురో వ్రాసి, ఆకును పువ్వును కాగితములలో ఆరబెట్టి తేవలెను. వృక్షశాస్త్ర నామమును ఉపాధ్యాయుల సాయమున ప్రక్కన చేర్తుము. "వాడుదురు" అని వ్రాయవలెనే గాని "నయమగును" అని వ్రాయరాదు. ఈ రెండు మాటల భేదమును మన పిల్లలు గ్రహించినచో, ఎంత పెద్ద కంప్యూటరు ముందు కూర్చొనినను వారు దారి తప్పరు.